పదకొండో ప్రశ్న

నేను ఒక పరీక్షను. హాలు టికెట్టు అడిగే రకం కాదు, ఫోన్లో వేలితో నొక్కే రకం. ‘మీ మనసు ఆరోగ్యంగా ఉందా? రెండు నిమిషాల్లో తెలుసుకోండి’ అని నా నెత్తిన రాసి ఉంటుంది. రెండు నిమిషాల్లో ఇడ్లీ కూడా ఉడకదు. అయినా జనం నమ్ముతారు, ఏం చెయ్యను!

నన్ను రాసింది కౌశిక్. హైదరాబాదులో ఒక వెబ్‌సైటు ఆఫీసులో ఉద్యోగి. ముందురోజు ‘మీరు ఏ కూరగాయ?’ అనే పరీక్ష రాశాడు, మర్నాడు భోజనాల వేళకల్లా నన్ను ముగించాడు. పాపం, చెడ్డవాడు కాదు. ఎక్కడో చదివి, పదకొండో ప్రశ్నగా ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని పెట్టాడు. మేనేజరు చూసి, “ఇది తీసెయ్ బాబూ, జడుసుకుని మధ్యలోనే పోతారు. పది చాల్లే,” అన్నాడు. అలా పది ప్రశ్నలతో లోకమ్మీద పడ్డాను.

బస్సులో నిలబడి నొక్కినవాళ్లు, పందెం వేసుకుని నొక్కినవాళ్లు, ఎక్కువ మార్కులొస్తే మంచిదో తక్కువొస్తే మంచిదో తెలియక తికమకపడ్డవాళ్లు... అందరికీ ఒకే మొహంతో జవాబు చెప్పీ చెప్పీ విసుగొచ్చింది.

అప్పుడొచ్చింది నాగమల్లేశ్వరి. తెనాలిలో ఒక రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియను. కాన్పై ఆరు నెలలు. తిండి సయించదు, కన్ను మూతపడదు. తను లేకపోతేనే బిడ్డ సుఖంగా ఉంటుందని రోజూ అనిపిస్తోంది. ఆ మాట చెప్పుకునే చోటు నాలో లేదు. ‘రోజువారీ పనులు చేసుకోగలుగుతున్నారా?’ అని అడిగాను. చేస్తూనే ఉంది కాబట్టి ‘అవును’ నొక్కింది. పదో ప్రశ్న అయ్యాక ఇంకేదో ఉందేమోనని కిందికి జరిపి చూసింది. నేను పచ్చరంగులో చెప్పేశాను: ‘మీరు బాగున్నారు. నీళ్లు ఎక్కువ తాగండి.’

“బానే ఉన్నావని ఫోన్లో వచ్చిందిగా, ఇంకా ఆ ఏడుపేంటే?” అన్నాడు భర్త. పాపం, అతని ప్రాణం కుదుటపడింది.

మర్నాడు మళ్లీ నొక్కింది. ఈసారి ఎర్రరంగు, ‘తీవ్రం’. ఆ మర్నాడు పసుపు. ఒకే రక్తానికి మూడు రకాల అంకెలొస్తే ఆమె మిషన్నే అనుమానిస్తుంది. ఆ అలవాటుతోనే నా అడుగుదాకా వెతికింది.

“ఏవండీ, దీని కింద ఎవరి సంతకమూ లేదు. సంతకం లేని రిపోర్టు మా ల్యాబులో గుమ్మం దాటనివ్వం. నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.”

పెద్దాసుపత్రిలో మానసిక వైద్యురాలికి ముందుగా నన్నే చూపించింది. “మంచిదేనమ్మా, దీన్ని చూసైనా వచ్చావు,” అంటూ ఆవిడ ఫోన్‌ని బల్లమీద బోర్లించింది. బోర్లా పడుకునే విన్నాను. బిడ్డ పేరు అడిగింది, పాల సంగతి అడిగింది, నిద్ర సంగతి అడిగింది. తర్వాత, ఏ తొందరా లేకుండా, “చచ్చిపోవాలనిపిస్తోందా తల్లీ?” అంది.

నాగమల్లేశ్వరి భోరుమంది. “అనిపిస్తోందమ్మా. రోజూ. ఇన్నాళ్లూ ఒక్కళ్లూ అడగలేదు.”

“నేను అడిగాగా. ఇది జబ్బు, తగ్గుతుంది. బయటున్న మీ ఆయన్ని కూడా పిలుద్దాం.”

అది నా ప్రశ్న. నాలోంచి పీకేసిన ప్రశ్న. దానికి ఆమె జడుసుకోలేదు, మధ్యలో లేచి వెళ్లలేదు. కుర్చీలోనే కూర్చుని గంటసేపు మాట్లాడింది. నాకు సిగ్గేసింది.

ఇప్పటికీ నా నెత్తిన రెండు నిమిషాలనే ఉంది. ఈ పూట కూడా ఎవరో పదో ప్రశ్న అయ్యాక, ఇంకేదో ఉందేమోనని కిందికి జరుపుతున్నారు. అక్కడ ఏమీ లేదు.