గుంపుకో పెద్ద

చేపలు కొనడానికి బయలుదేరాడే గానీ శ్రీనాథ్ మనసంతా మేడమీది వాటా మీదే ఉంది. తాడేపల్లిగూడెంలో అన్నయ్య భీమశంకరం ఇంటి మేడ ఖాళీ అయింది. "జంగారెడ్డిగూడెంలో అద్దెకొంపలో ఏం బావుకుంటున్నావురా, వచ్చెయ్" అని ఆయన కబురు పెట్టాడు. ఆలోచించుకుని చెబుతానన్నాడు తమ్ముడు. ఇందులో ఆలోచించడానికేముందని అన్నయ్యకు కోపం. ఉల్లిపాయల వ్యాపారం అల్లుడికి అప్పగించాక ఊసుపోక ఆయన ముందుగదిలో ఉప్పునీళ్ళ అక్వేరియం పెట్టించాడు. ఇక చేపలు కొనాలి, ఏలూరు రమ్మన్నాడు.

ఆయనకు కావలసినవి గుంపుగా తిరిగే చేపలు. ఎందుకో శ్రీనాథ్‌కి తెలుసు. చిన్నప్పుడు దసరా సెలవుల్లో అయిదుగురు అన్నదమ్ములూ కొల్లేట్లో పడవెక్కేవారు. పక్కనే నీళ్ళలో పరిగె చేపలు గుంపులు గుంపులుగా పోయేవి. ఒకటి తిరిగితే అన్నీ తిరిగేవి, ఎండ తగిలి తళుక్కుమనేవి. వంగి చూసే చిన్న తమ్ముడు శ్రీనాథ్ చొక్కా కాలరు అన్నయ్య గుప్పిట్లో ఉండేది. అన్నయ్య ఇప్పుడుంటున్నది అప్పటి ఇల్లే. అందరూ ఒకే వరసలో కూర్చుని భోంచేసిన ఆ ఇంటికి తిరిగి వెళ్ళాలని శ్రీనాథ్‌కి మహా ఆశ.

భార్య ఉషశ్రీ మాత్రం, "వెళ్దామండీ, ఏ చొక్కా తొడుక్కోవాలో కూడా బావగారే చెబుతారు" అంటుంది. అందులో అబద్ధమేమీ లేదు. మిగిలిన ముగ్గురు అన్నదమ్ములూ అందుకే ఎవరి దారి వారు చూసుకున్నారు. పైకి మాత్రం పిల్లల చదువులన్నారు. ఇప్పుడు ఫోన్లు కూడా లేవు.

ఏలూరులో కొట్టు యజమాని నెహెమ్యా నీలమూ ఆకుపచ్చా కలిసిన చిన్న క్రోమిస్ చేపలు చూపించాడు.

"గుంపు కావాలంటే ఇవేనండీ. అన్నీ ఒకే సైజువి తీసుకోండి. అయినా కలిసుంటాయని పూచీ ఇవ్వలేనండీ. సముద్రంలో పెద్ద చేపల భయానికి ఒకచోట చేరతాయి. తొట్లో ఆ భయం ఉండదు కదండీ."

"అన్నీ సమానమైతే ఒకదాని మాట ఇంకోటి వింటుందాండీ? పెద్దదాన్ని ఒకదాన్ని వెయ్యండి, మిగతావాటిని అదే చూసుకుంటుంది" అన్నాడు భీమశంకరం.

నెహెమ్యా శ్రీనాథ్ వంక చూశాడు. శ్రీనాథ్ చూపు తిప్పుకున్నాడు. ఇంట్లో ఏనాడూ అన్నయ్యకు ఎదురు చెప్పనివాడు చేపల కొట్లో కొత్తగా నేర్చుకుంటాడా! బొటనవేలంతవి ఆరు, వాటికి రెట్టింపున్నది ఒకటి కొన్నారు.

ఆ సాయంత్రం కొత్త చోటికి బెదిరి ఏడూ ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని తిరిగాయి. "చూశావట్రా, పరిగెల్లా లేవూ!" అంటూ అన్నయ్య కళ్ళు ఒత్తుకున్నాడు. అప్పుడే వచ్చేస్తానని చెప్పేసేవాడే గానీ, ఉషశ్రీని ఒప్పించాక చెబుదామని శ్రీనాథ్ ఆగాడు.

నెల తిరిగేసరికి ఒప్పించి, సంబరంగా వచ్చాడు. తొట్లో పెద్ద చేప ఒక్కటే దర్జాగా తిరుగుతోంది. రాయి వెనక, తోక చిరిగిన చిన్నది ఒకటి నక్కి ఉంది.

"అయిదింటిని తరిమి తరిమి చంపేసిందయ్యా. మీ అన్నయ్య సరిగ్గా అన్నం కూడా తినట్లేదు" అంది వదిన ఇందిర, గొంతు తగ్గించి.

శ్రీనాథ్ అన్నయ్య పక్కన కుర్చీ లాక్కున్నాడు. "అన్నయ్యా, మేం మేడమీదికి వచ్చేస్తామండీ. ఉషశ్రీ కూడా సరేనంది."

"వద్దురా."

తను విన్నది నిజమేనా అనుకున్నాడు శ్రీనాథ్.

"అది చెడ్డదేం కాదురా" అన్నాడు భీమశంకరం, తొట్టి మీంచి చూపు తిప్పకుండా. "దానికి ఇంకో పద్ధతి తెలీదు. నాకూ తెలీదు. నాతో మాట్లాడేవాడివి నువ్వొక్కడివే మిగిలావు. నిన్ను కూడా పోగొట్టుకోలేను."

అలా అనకండి అన్నయ్యా అందామని నోరు తెరిచాడు గానీ, ఆ అబద్ధం శ్రీనాథ్ నోట రాలేదు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడుస్తుంటేనే గుండె తేలికైంది, అందుకు సిగ్గు కూడా వేసింది.

"మేడ అద్దెకిచ్చేస్తాను. నువ్వు ప్రతి ఆదివారం వస్తూ ఉండు" అన్నాడు భీమశంకరం.

"వస్తే తిట్టరు కదా?"

"తిడతాను. సాయంత్రం బస్సుంటుందిగా నీకు."