ళ టీచరు

ఒకటో తరగతికి అక్షరాలు నేర్పే ఆవిడను బడిలో అందరూ ‘ళ టీచరు’ అనేవారు. ఎవరైనా ‘ళ’ను ‘ల’ అని పలికితే ఆవిడకి ఒళ్ళు మండిపోయేది. “కళ అనమంటే కల అంటావేం? నిద్రపోతున్నావా?” అని గదమాయించేది. నాలుక మడతపెట్టి చూపించి, “నేనెలా అంటే అలాగే అనాలర్రా. పిసరంత తేడా రాకూడదు,” అనేది. పిల్లలూ అంత బుద్ధిగానూ అనేవారు. ఆ బుద్ధే చివరికి కొంప ముంచింది.

ఆవిడకి గొంతులో కణితి అన్నారు. కాస్త కోస్తే చాలు, మాట బొంగురుపోతుందంతే అన్నారు. తను సెలవులో ఉంటే పాఠం ఆగిపోతుందని, ఆసుపత్రికి బయలుదేరే ముందు వంటింట్లో కూర్చుని అక్షరాలన్నీ ఫోన్లో రికార్డు చేసింది. భర్త ఫ్యాను ఆపి ఫోను పట్టుకున్నాడు. ‘అ’ నుంచి బాగానే సాగింది. ‘ళ’ దగ్గరకొచ్చేసరికి గొంతు మొరాయించింది. ‘ళ’ అంటూనే ఖళ్ళుఖళ్ళున దగ్గింది.

“ఆ ఒక్కటీ మళ్ళీ చెప్పవే,” అన్నాడాయన.

“ఆటో వచ్చేసింది. తిరిగొచ్చాక చెప్తాలెండి.”

తీరా కోసి చూస్తే జబ్బు పాకిపోయి ఉంది. స్వరపేటిక మొత్తం తీసేశారు.

ఊపిరికని మెడకు పెట్టిన కన్నం కనబడకుండా రుమాలు చుట్టుకుని ఆవిడ మళ్ళీ బడికొచ్చింది. మాట పోతే పోయింది, ఫోన్లో తన గొంతుంది, క్లాసులో స్పీకరుంది. పిల్లల్ని తన దగ్గరే ఉంచమని కాగితం మీద రాసి హెడ్మిస్ట్రెస్‌కు చూపించింది. “ముందో పాఠం చెప్పమ్మా, చూద్దాం,” అని పెద్దావిడ వెనక బెంచీలో కూర్చుంది.

స్పీకరు ‘ళ’ అంది. పిల్లలు ‘ళ’ అన్నారు. స్పీకరు దగ్గింది. పిల్లలంతా కూడబలుక్కున్నట్టు ఖళ్ళుఖళ్ళున దగ్గారు.

“ఏమిటా వెక్కిరింపు? సిగ్గులేదూ!” హెడ్మిస్ట్రెస్ గయ్యిమంది. పిల్లలు బిక్కచచ్చిపోయారు.

టీచరు గబగబా బోర్డు మీద రాసింది: ‘తప్పు వాళ్ళది కాదు. ఆ దగ్గు నాది.’

ఆవిడ సెలవులో ఉన్నన్నాళ్ళూ పక్క క్లాసు టీచరు స్పీకరు పెట్టేసి తన పని చూసుకునేది. పిల్లలు రోజూ విన్నది విన్నట్టు వల్లించారు.

హెడ్మిస్ట్రెస్ కళ్ళు తుడుచుకుంది. “ఫోను పలుకుతుందమ్మా, వినదు కదా. ఇన్నాళ్ళూ పిల్లలు దగ్గుతుంటే ‘కాదర్రా’ అనలేదది. ఇప్పుడు నువ్వూ అనలేవు. నన్నేం చెయ్యమంటావు చెప్పు?”

మర్నాడు ళ టీచరుని ఆఫీసు గదిలో కూర్చోబెట్టారు. పక్కనే ఒకటో తరగతి. కొత్త టీచరు గొంతు ఖంగుమంటోంది. ఆ అమ్మాయి ‘ళ’ అంది. పిల్లలూ అన్నారు, ఆ వెంటనే దగ్గారు.

“దగ్గెందుకర్రా?”

“మా టీచర్ ‘ళ’ అలాగే ఉంటుందండీ!”

గోడకి ఇవతల ఆవిడ దిగ్గున లేచింది. కాదర్రా, అనబోయింది. రుమాలు చాటున గాలి బుస్సుమంది, అంతే.

“అది టీచర్‌గారికి వచ్చిన దగ్గమ్మా. అక్షరం కాదు. ఏదీ, మళ్ళీ చెప్పండి.”

ఈసారి దగ్గు లేదు. అందరూ నాలుక మడతపెట్టి నిఖార్సయిన ‘ళ’ అన్నారు. ఆవిడ ఇన్నేళ్ళూ కోరుకున్నది అదే. ఫోన్లోంచి కాక, మనుషుల నోట దగ్గుగా మిగిలిన తన గొంతు అంతటితో చెరిగిపోయింది.

ఏడిస్తే పక్కగదికి వినబడుతుందని ఆవిడ రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుంది. ఇక వినబడదన్న సంగతి ఇంకా అలవాటు కాలేదు.