చెరపవద్దని గీసిన గడి

నేను ఒక డస్టర్‌ని. చెక్క వీపు, దాని కింద నల్లటి ఉన్ని. విశాఖపట్నంలో ఒక విశ్వవిద్యాలయపు గణిత శాఖకు మరో పదకొండింటితో కలిసి వచ్చాను. అవి ఏమయ్యాయో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. మనుషులంటే మొదటినుంచీ నాకు గిట్టదు. పొద్దస్తమానం మొహాన సుద్దపొడి కొట్టించుకునేదాన్ని, ఎవరిని మాత్రం ప్రేమిస్తాను?

పన్నెండేళ్లు నన్ను అరగదీసినవాడు భుజంగరావు మాస్టారు. రహస్య సంకేతాల శాస్త్రంలో పెద్ద పేరు. వక్రరేఖ మీది రెండు బిందువులను జతచేసి ఒక సంఖ్యను పుట్టించే పద్ధతి ఉంది, పెయిరింగ్ అంటారు. దాని మీద ఎప్పుడో ఒక సిద్ధాంతం నిరూపించి, మిగతా ఉద్యోగమంతా దాని పేరు చెప్పుకుని బతికేశాడు. ఏటా అదే పాఠం, అదే జోకు. నవ్వనివాళ్లకు మార్కులు తగ్గేవి.

ఆయన కింద పరిశోధన చేసే అమ్మాయి తబిత. ఆమెకు ఇష్టమైనవి లాటిస్‌లు. వందల దిక్కుల్లో వరసగా పరుచుకున్న చుక్కల్లో, చూపించిన చోటికి అన్నిటికన్నా దగ్గరి చుక్క ఏదో పట్టుకోవడం మహా కష్టం. ఆ కష్టాన్నే తాళంగా వాడుకోవాలని ఆమె ప్రయత్నం. అయినా గైడ్ మాట కాదనలేక, థీసిస్‌లో మొదటి రెండు అధ్యాయాలు ఆయన సిద్ధాంతం మీదే కట్టింది. లాటిస్‌లకు మూడోదే మిగిలింది.

ఒక మధ్యాహ్నం ఆ సిద్ధాంతంలోనే ఆమెకు తప్పు దొరికింది. ఎవరూ తేల్చలేరని ఆయన నమ్మిన లెక్కను, ఆయన వాడిన పెయిరింగే రెండు అడుగుల్లో తేల్చేస్తోంది. తాళం వేసి తాళంచెవిని గుమ్మానికే తగిలించినట్టు. తబిత ఆ సంగతి బోర్డు మూల నాలుగు వరుసల్లో రాసి, చుట్టూ గడి గీసి, పైన 'చెరపవద్దు' అని పెట్టింది. మా శాఖలో ఆ మాటకు అటెండరు కూడా విలువిస్తాడు.

మాస్టారు వచ్చి చదివాడు. మళ్లీ చదివాడు. నన్ను తీసుకుని తుడిచేశాడు.

"నీ థీసిస్ మీద సంతకం పెట్టాల్సింది నేనేనమ్మా. అది గుర్తుపెట్టుకో," అన్నాడు.

ఆ రోజు ఆయన చేతిలో ఉన్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆమె థీసిస్ సెమినార్‌కు బయటినుంచి ఒక పరీక్షకురాలు వచ్చింది. తబిత బోర్డు నిండా తన మూడు అధ్యాయాల సారం రాసింది.

"మొదటి రెండూ దేని మీద నిలబడ్డాయమ్మా?" అని ఆవిడ అడిగింది.

మాస్టారి పేరు చెప్పి ఊరుకుంటే డిగ్రీ చేతికొచ్చేది. తబిత మూలకు వెళ్లి ఆ నాలుగు వరుసలూ మళ్లీ రాసి, గడి గీసింది.

"దాంతో నీ రెండు అధ్యాయాలూ పోతాయి. తెలుస్తోందా?" అన్నాడు మాస్టారు.

"తెలుసు సార్."

"అయితే నువ్వే తుడుచుకో."

నన్ను ఆమె మీదికి విసిరాడు. నా మూల ఆమె మణికట్టుకు తగిలింది. ఆమె వంగి నన్ను తీసుకుని, మూడేళ్ల పనిని వరుస తర్వాత వరుసగా తుడిచింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. చివరికి బోర్డు మీద లాటిస్‌ల అధ్యాయం, ఆ గడి మిగిలాయి.

"ఇక మిగిలింది చెప్పమ్మా," అంది పరీక్షకురాలు.

డిగ్రీకి ఆమెకు ఇంకో మూడేళ్లు పట్టింది. నేనిప్పుడు స్టోర్‌రూములో విరిగిన కుర్చీల కింద పడి ఉన్నాను. ఆమె తుడుచుకున్న సుద్ద ఇంకా నా ఉన్నిలోనే ఉంది. ఆ పొడిని మాత్రం ఎవరూ దులపకండి.