టీ బిల్డింగ్

బెల్టు మీద నీలం మూతలు వరుసగా వస్తున్నాయి, అండాలు వేళ్లు వాటిని ఏరుతున్నాయి. అంచు చిట్లిన మూత కనబడగానే ఎడమచెయ్యి దాన్ని పక్కనున్న ట్రేలోకి విసిరేస్తుంది, కుడిచెయ్యి మంచివాటిని సంచిలోకి తోసేస్తుంది. కళ్లు మాత్రం ఈరోజు మూతల మీద లేవు, గోడ మీది గడియారం మీద ఉన్నాయి. పొద్దు ఎంతకీ కదలదే! స్టూలు మీద కూర్చుని చిన్నపిల్లలా కాళ్లాడిస్తూ ఉంది.

పొట్టి మనిషి. నెత్తి మీద కంపెనీవాళ్లిచ్చిన తెల్లటోపీ, దాని కింద నుంచి తొంగిచూసే నెరిసిన జుట్టు, విరిగిన కళ్లద్దాల కాడకు చుట్టిన దారం, మూతల అంచులు గీసుకుని గరుకెక్కిన వేళ్లు. కాళ్లకు కంపెనీ నీలం రబ్బరు చెప్పులు. బయటి చెప్పులతో ప్యాకింగు హాల్లోకి రానివ్వరు. వాటిని గేటు పక్క అరలో విడిచి, ఇవి తొడుక్కుని రావాలి. అందరివీ ఒక్కతీరుగా ఉంటాయి కాబట్టి ఎవరివి ఎవరు వేసుకుపోతారో తెలియదు. అందుకని అండాలు తన జత మీద కాల్చిన సూదితో పువ్వు బొమ్మ పొడిచి పెట్టుకుంది. చదువు రాదు కదా, పేరుకు బదులు పువ్వు.

పొద్దున గేటు దగ్గర కాపలా ఉండే శ్రీశైలం ఆమె సంచి తడిమి బిత్తరపోయాడు.

"ఏందక్కా, సంచిల కొబ్బరికాయ! డ్యూటీకొచ్చినవా, గుడికొచ్చినవా?"

"జర సప్పుడు జెయ్యకు తమ్మీ. మాపటికి నీకు గూడ ముక్క పెడ్త."

కొబ్బరికాయ ఒక్కటేనా! పసుపు, కుంకుమ, పొట్లం కట్టిన ముగ్గుపిండి కూడా ఉన్నాయి. షాద్‌నగర్ శివార్లలో సీసాల మూతలు చేసే ఆ కంపెనీలోకి అలాంటి సంచి ఎన్నడూ వచ్చి ఉండదు.

కథంతా ఒక సున్నాతో మొదలైంది. బుధవారం నాడు మెషిన్లు హోరెత్తుతుంటే సూపర్‌వైజరు సురేశ్ మైకు పట్టుకుని హాలు నడుమ నిలబడి, శనివారం మధ్యాహ్నం షెడ్డు వెనక ఖాళీ జాగాలో టీం బిల్డింగ్ ఉంది, అందరూ రావాలని ప్రకటించాడు. 'టీం'లోని సున్నాను మెషిన్లు మింగేశాయి. ఆడవాళ్ల చెవిన పడ్డది వేరే.

"టీ బిల్డింగా? అంటే ఏందే?" అని హనుమమ్మ అడిగింది. బెల్టుకు అటువైపు కూర్చుని ఏరే మనిషి ఆమె.

"గంత ఎర్క లేదా?" అంది అండాలు. "టీ బ్రేక్ అంటే చాయ్ తాగనీకి ఇడిసిపెట్టుడు. టీ బిల్డింగ్ అంటే చాయ్ తాగే బిల్డింగ్. మనకు కట్టిస్తున్నరే పిల్లా, మనకు!"

అంతే! సాయంత్రానికల్లా ప్యాకింగు హాలంతా ఆ మాటే.

ఎందుకు కాదు మరి? కంపెనీలో క్యాంటీను ఉంది గానీ కాంట్రాక్టు కింద చేసే ఈ ఆడవాళ్లకు లేదు. ఎండాకాలం ప్రహరీగోడ వెంట బెత్తెడు నీడలో వరుసగా ఒదిగి కూర్చుని తింటారు. నీడ జరిగినకొద్దీ టిఫిన్ డబ్బాలు ఎత్తుకుని వాళ్లూ జరుగుతారు. వానాకాలమైతే సైకిల్ స్టాండులో నిలబడే తింటారు. కడుపుతో ఉన్న తిరుమల పోయిన వారం అన్నం ముందు కూర్చుని కళ్లు తిరిగి పక్కకు ఒరిగిపోయింది. "నీడకు జర జాగా ఇప్పియ్యిండ్రి సారూ" అని వచ్చిన ప్రతి సూపర్‌వైజరునూ అడిగింది అండాలు. అందరూ తలూపారు. తలూపడానికి ఏం పోయింది!

అండాలుకు ఇంకో ఆశ కూడా ఉంది. కట్టంగూర్ పక్క పల్లె నుంచి మొగుడు సైదులుతో వచ్చిన కొత్తలో మేస్త్రీల వెంట తిరిగి ఇటుకలు మోసింది. ఎన్ని ఇండ్లకు పునాది ముగ్గు పోస్తుంటే దూరంగా నిలబడి చూసిందో! సైదులు బతికున్నన్నాళ్లూ కిరాయి గదులే, పోయాక కూడా కిరాయి గదే. ముగ్గుపిండి తన చేత్తో పోసే రోజు వస్తుందని ఆమె ఎదురుచూడటం ఎప్పుడో మానేసింది. ఇప్పుడు వచ్చింది!

గురువారం నాడు కాంట్రాక్టరు వీరేశం గేటు దగ్గర పక్కకు పిలిచాడు.

"అండాలమ్మా, నీ వయసోళ్లను పెట్టుకోవద్దని పైనుంచి చెప్పిండ్రు. శనివారం దాంక చెయ్యి. సోమవారం నుంచి రాకు."

అండాలు ఆటోలో ఇంటికి పోయేదాకా కొంగుతో ముఖం తుడుచుకుంటూనే ఉంది. ఆ తర్వాత ఉన్నట్టుండి తట్టింది: శనివారం దాంక అన్నాడు కదా! ముగ్గు పోసేది శనివారమే కదా! నార్కట్‌పల్లిలో బిడ్డ సుమన హైవే పక్కన టిఫిన్ బండి పెట్టుకుంది, రమ్మని ఎప్పటి నుంచో పోరుతోంది. పోతే పోయింది నౌకరీ, ముగ్గు పోసే పోత, అనుకుంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే హాల్లో పిల్లలు ఏడుస్తారు, ఇంత మంచి శనివారం పాడవుతుంది.

అందుకే ఈ కాళ్లాడించడం.

అన్నాలు తిన్నాక ఆడవాళ్లంతా షెడ్డు వెనక్కు పరుగుపెట్టారు. ఒక పక్క సరుకు పేర్చే పాత చెక్క ప్యాలెట్లు, తుప్పుపట్టిన పైపులు, విప్పేసిన పాత షెడ్డు రేకులు కుప్పగా పడి ఉన్న జాగా అది. తిరుమల మామిడాకులు తెచ్చింది, హనుమమ్మ బంతిపూలు తెచ్చింది. అండాలు నేల ఊడ్చి, కొంగు నడుముకు దోపి, వంగి ముగ్గుపిండితో గీత లాగింది. నాలుగు గోడలు, ఒక గుమ్మం. గుమ్మం దగ్గర పసుపుకుంకుమ పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంది.

మెషిన్ల దగ్గర పనిచేసే మగవాళ్లు కూడా వచ్చారు. వాళ్లలో ముందు ఇస్రాయేలు, ఆరడుగుల మనిషి, మాట తక్కువ. అతనికీ అండాలుకూ పడదు. అతని మెషిన్ నుంచి వచ్చిన చెడు మూతల ట్రేను రోజూ ఆమే మోసుకెళ్లి, "ఏమయ్యా, నీ మెషిన్ మూతలు పోస్తున్నదా, పేలాలు ఏంచుతున్నదా?" అని అందరి ముందూ కడిగేసి వస్తుంది.

చివరికి సురేశ్ వచ్చాడు, చంకలో కాగితపు గ్లాసుల పెట్టె, చేతిలో సుతిలి తాడు ఉండ. హైదరాబాదులో ట్రైనింగు అయివచ్చి ఇలాంటిది మొదటిసారి చేయిస్తున్నాడు, అతనికీ ఉత్సాహం ఆగడం లేదు. ముగ్గు చూసి నిలబడిపోయాడు.

"గిదేందమ్మా?"

"ముగ్గు సారూ. బిల్డింగ్‌కు!"

"ఏ బిల్డింగ్?"

"టీ బిల్డింగ్! మీరే చెప్తిరి కద మైకుల!"

సురేశ్ తల గోక్కున్నాడు. "టీ కాదమ్మా... టీం. టీం అంటే జట్టు. అందరు కలిసిమెలిసి పనిచేసెటట్టు ఆటలాడిపిచ్చుడు. రెండు జట్లయి గీ గ్లాసులతోని బురుజు కట్టాలె. ఎవరిది ఎత్తుంటే వాళ్లు గెలిచినట్టు."

"మరి బిల్డింగ్?" అంది తిరుమల.

మగవాళ్లలో ఒకడు కిసుక్కుమన్నాడు. ఆ తర్వాత మగవాళ్లంతా పకపకా నవ్వారు. టీ బిల్డింగంట! కొబ్బరికాయ గూడ తెచ్చినరంట!

అండాలు ముఖం మండిపోయింది. అందరికీ నమ్మించి చెప్పింది తనే. తిరుమల చేతిలో మామిడాకుల దండ అలాగే వేలాడుతోంది. ఇన్నేళ్లు చేసి, పోయే రోజున నవ్వులపాలై పోవాలా! చెరిపేద్దామని ముగ్గు మీదికి కాలు చాచింది.

"ఆగు అక్కా!"

ఇస్రాయేలు. మగవాళ్లలో నవ్వనివాడు అతనొక్కడే.

"పోసిన ముగ్గు కాలుతోని చెరుపుతరా?" అన్నాడు. సురేశ్ వైపు తిరిగాడు. "సారూ, ఆట అంటే కలిసి కట్టుడే కద? గ్లాసులతోని ఎందుకు? గా ప్యాలెట్లున్నయి, రేకులున్నయి. నిజంగనే కడ్దాం."

"నాలుగింటికి పెద్దసారు వస్తడు ఇస్రాయేలూ. గ్లాసుల ఫొటోలు అడిగిండు..." అని సురేశ్ నసిగాడు. అంతలో గాలి విసిరి కొట్టింది, పెట్టెలోని గ్లాసులు నాలుగు దిక్కులకూ దొర్లిపోయాయి. వాటిని చూసి అతనికే నవ్వొచ్చింది. చొక్కా చేతులు పైకి మడిచాడు. "ఇగ రెండు జట్లు లేవు. ఒక్కటే జట్టు. పట్టుండ్రి!"

ఇక చూడాలి ఆ సంబరం! ఇస్రాయేలు గుంతలు తవ్వి పైపులు పాతాడు, మగవాళ్లు ప్యాలెట్లు మోసుకొచ్చి అండాలు గీసిన గీత మీద అచ్చంగా నిలబెట్టారు. పెట్టెలకు కట్టే ప్లాస్టిక్ పట్టీలతో ఆడవాళ్లు వాటిని బిర్రుగా బిగించారు. రోజంతా వాళ్లు చేసే పని అదే కదా! సురేశ్ రేకు కట్టడానికి పైకెక్కాడు. ప్యాంటు పర్రున చిరిగింది. "సారూ, గాలి మంచిగొస్తాందా?" అని హనుమమ్మ కింద నుంచి అరిచింది. అందరికన్నా ఎక్కువ నవ్వింది సురేశే.

సుతిలి ఉండ అతను ఇంకో ఆట కోసం తెచ్చినది. ఉండను ఒకరు ఒకరికి విసరాలి, విసిరేటప్పుడు అవతలివాళ్ల గురించి ఒక మంచి మాట చెప్పాలి. రేకులు కట్టడానికి సుతిలి ఎలాగూ కావాలి కాబట్టి ఆ ఆట కూడా పనిలోనే నడిచింది. "హనుమమ్మ తెచ్చే ఉల్లిగడ్డ కారం మంచిగుంటది!" ఉండ ఎగిరింది. "సురేశ్ సారు కోపం జెయ్యడు!" మళ్లీ ఎగిరింది. అది ఇస్రాయేలు చేతికి వచ్చింది. అతను అండాలు వైపు విసిరాడు.

"అక్క కండ్లు మంచియి. నా మెషిన్ తప్పు నాకన్న ముందు ఆమెకే కనబడ్తది. ఆమె తిట్టకుంటే నా నౌకరీ ఎప్పుడో పోతుండె."

అండాలు ఉండ పట్టుకుంది. వీడి మీదనా నేను ఇన్నాళ్లు నోరు చేసుకున్నది, అనుకుంది. కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుని, "నా తిట్లు ఇనే ఓపిక ఎవరికుంటదయ్యా, నీకు తప్ప!" అని ఉండను అతనికే తిప్పి విసిరింది.

నాలుగు కాకముందే అది నిలబడింది. ప్యాలెట్ల గోడలు, రేకుల కప్పు, గుమ్మానికి మామిడాకులు. కొంచెం వంకరగా ఉంది. ఉండనీ! అండాలు తన నీలం చెప్పులు గుమ్మం పక్కన విడిచి, కుడికాలు ముందు పెట్టి లోపలికి పోయింది. ఆమెను చూసి అందరూ విడిచారు.

అప్పుడే పెద్దసారు, కంపెనీ మేనేజరు రాంచందర్ వచ్చాడు.

"ఏం నడుస్తున్నది ఇక్కడ? ఎవరు చెప్పిండ్రు కట్టమని?"

సంబరమంతా ఆగిపోయింది. చిరిగిన ప్యాంటుకు చెయ్యి అడ్డం పెట్టుకుని సురేశ్ ముందుకొచ్చాడు. "నేనే సార్. టీం బిల్డింగ్ సార్."

"గిదా!" అంటూ పెద్దసారు గుమ్మంలోకి కాలు పెట్టబోయాడు.

"అయ్యో సారూ, కాళ్లకు బూట్లున్నయి!" అండాలు లోపలి నుంచి ఆపుకోలేక అరిచేసింది. "కొత్తిల్లు. ఇడిసి రావాలె."

పెద్దసారు గుమ్మం పక్కన వరుసగా ఉన్న చెప్పులను చూశాడు, మామిడాకులను చూశాడు. తర్వాత వంగి, లేసులు విప్పడం మొదలుపెట్టాడు. ఆ లేసులు ఎంతకీ రావు! మేజోళ్లతో లోపలికొచ్చి నీడలో నిలబడ్డాక, కోపం ఎలా తెచ్చుకోవాలో ఆయనకు తెలిసినట్టు లేదు. హనుమమ్మ బకెట్ బోర్లించి కూర్చోమంది. కూర్చున్నాడు.

"కొట్టవే అక్కా" అని తిరుమల కొబ్బరికాయ అందించింది.

"ఇస్రాయేలూ, ముందుగాల నువ్వు గూడ మీ దేవునికి ఒక మాట చెప్పు" అంది అండాలు.

ఇస్రాయేలు కళ్లు మూసుకున్నాడు. "ప్రభువా, గీ నీడల కూసున్నోళ్లను సల్లగ సూడు. ఆమెన్." అందరూ ఆమెన్ అన్నారు. అండాలు కొబ్బరికాయ కొట్టింది, ఒక్క దెబ్బకే రెండు చెక్కలైంది.

పెద్దసారు ముక్క నములుతూ కప్పు వైపు చూశాడు. "సుతిలితోని కడితే గాలికి లేస్తయ్ రేకులు. సోమవారం వెల్డింగోళ్లను పిలిచి బిగిపియ్యి, సురేశ్."

అంటే బిల్డింగ్ ఉండిపోతుంది! లోపలున్నవాళ్లు వేసిన కేకకు గేటు దగ్గర శ్రీశైలం ఉలిక్కిపడి లేచాడట! సురేశ్ క్యాంటీను నుంచి చాయ్ తెప్పించాడు. దేంట్లో తాగాలి? నేల మీద దొర్లిన ఆ కాగితపు గ్లాసులనే ఏరి, ఊది, అందులోనే తాగారు.

"సూసినవా సారూ" అంది అండాలు, చాయ్ గుక్క మింగి. "టీ బిల్డింగే!"

సైరన్ మోగింది. అందరూ హాలుకు పరుగెత్తారు. అండాలు వెనకబడి, గోడ మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడింది. తర్వాత వీరేశం దగ్గరికి పోయి టోపీ, గుర్తింపు కార్డు ఇచ్చేసింది. పోతున్నానన్న దుఃఖం ఉంది గానీ, ఆ సంబరం ముందు అది నోరు తెరవలేదు. గేటు అరలోని తన చెప్పులు తొడుక్కుంటుంటేనే, అంతదూరం ఒట్టికాళ్లతో నడిచొచ్చానని తెలిసింది. శ్రీశైలం చేతిలో కొబ్బరి ముక్క పెట్టింది.

"సోమవారం నాకు గూడ సూపియ్యక్కా, మీ బిల్డింగ్."

"పోయి సూడు తమ్మీ. గుమ్మం కాడ చెప్పులు మాత్రం ఇడిసి పో."

సోమవారం మధ్యాహ్నం డబ్బా పట్టుకుని అందరికన్నా ముందు వచ్చింది తిరుమలే. పొద్దటి నుంచి బెల్టు దగ్గర అక్క కనబడలేదని బెంగగా ఉంది. గుమ్మం ముందు చూసి ఆమె ముఖం విచ్చుకుంది. "అక్క మనకన్న ముందే లోపలికొచ్చి కూసున్నదే!" అని వెనక్కి తిరిగి కేకవేసి, "అక్కా!" అంటూ లోపలికి పోయింది. లోపల చల్లటి నీడ తప్ప ఎవరూ లేరు. అక్కను వీరేశం మాన్పించిన సంగతి హనుమమ్మ వచ్చి చెప్పాక, అన్నం డబ్బా మూతలు చాలాసేపు ఎవరూ తీయలేదు.

బయట గుమ్మం పక్కన, కాల్చిన సూదితో పొడిచిన పువ్వుతో, ఆ నీలం చెప్పుల జత కొత్తింటివైపు తిరిగి ఉంది.