నోరు కదలని తల్లి కుందేళ్ళు

"నువ్వు ఎట్లాగూ ఇంట్లోనే ఉంటావు కదా, ఆ బొమ్మల సినిమాలు కాస్త విని ఇంగ్లీషులోకి రాసిపెట్టు" అన్నాడు ఖాదర్ మొహిద్దీన్, ఉల్లిపాయలు తరిగిపెట్టమన్నంత తేలిగ్గా. చపాతీలు ఒత్తుతున్న షబ్నమ్ పిండిచేతులతోనే తలూపింది. కాస్త అంటే ఎంతో తర్వాత తెలిసింది. ఇరవై ఏడు సినిమాలు. జపాన్‌లో యుద్ధం రోజుల్లో పిల్లలకని తీసినవి. గీతలు పడిన రీళ్ళు, బొంగురుపోయిన గొంతులు. ఒక్కో మాట కోసం పదిసార్లు వెనక్కి తిప్పాలి, తిప్పిన ప్రతిసారీ చెయ్యి తుడుచుకోవాలి.

ఖాదర్ సౌదీలోని దమ్మామ్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో మీడియా పాఠాలు చెప్తాడు. పరిశోధన పేపర్ ఒకటి చూపిస్తేనే కాంట్రాక్టు పొడిగిస్తామన్నారు. ఎవరూ ముట్టుకోని విషయం కావాలని వెతికి వెతికి, పాత జపాన్ బొమ్మల సినిమాల్లో రాజకీయ ప్రచారం అన్నదాన్ని పట్టుకున్నాడు. పాపం, ఆయనకు జపనీస్‌లో నమస్కారం పెట్టడం కూడా రాదు. వచ్చింది షబ్నమ్‌కి. హైదరాబాదులో మూడేళ్ళు చదివింది, శ్రీసిటీలో ఓ జపాన్ ఫ్యాక్టరీలో నాలుగేళ్ళు ఇంటర్‌ప్రెటర్‌గా చేసింది. ఇంజనీర్లిద్దరు కీచులాడుకుంటుంటే మధ్యలో నిలబడి ఆ తిట్లను ఈ భాషలోకి మర్యాదగా దించేది. పెళ్ళయి దమ్మామ్ పక్కనున్న అల్ ఖోబర్ వచ్చాక ఆ భాష అటకెక్కింది. ఆమె ఇకామా మీద, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు మీద, 'పనికి అనుమతి లేదు' అని ఉంటుంది. "మా ఆవిడను కూర్చోబెట్టి మేపమని సర్కారే రాసిచ్చింది" అని ఖాదర్ స్నేహితుల ముందు జోకు వేస్తాడు. ఆమె తెల్లారుజామున లేచి దమ్ చేసిన బిర్యానీ తింటూ వాళ్ళు పొట్ట చేత్తో పట్టుకుని నవ్వుతారు.

సినిమాలు మాత్రం ఆమెను పట్టుకున్నాయి. కుక్కలు, కోతులు, ఎలుగుబంట్లు నావికుల టోపీలు పెట్టుకుని ఏదో దీవికి వెళ్తాయి. ఆ దీవిలోని జంతువులు వీళ్ళ మూటలు మోస్తాయి, నేల చదును చేస్తాయి, విమానాలు దిగడానికి దారి వేస్తాయి. అదంతా నవ్వుతూ, పాడుతూ. సైన్యం ఖర్చుపెట్టి ఇంత ముద్దొచ్చే బొమ్మలు ఎందుకు గీయించిందా అనుకుంది మొదట. నాలుగో సినిమాకి అర్థమైంది. తుపాకీ చూపించడం కాదు ప్రచారమంటే. మోసేవాడి మొహం మీద నవ్వు గీయడం. ఆ నవ్వు ఆమెకు బాగా తెలుసు. పన్నెండు మందికి వడ్డించి, అందరూ తిన్నాక అడుగంటిన అన్నం పెట్టుకుంటూ "నాకిదే ఇష్టం" అన్నప్పుడు తన మొహం మీద ఉండేది అదే. ఇన్నేళ్ళూ అది తన సొంత నవ్వే అనుకున్నందుకు ఒళ్ళు మండిపోయింది.

ఒకనాటి మధ్యాహ్నం, కూర ఉడుకుతుండగా ఇంకోటి కనిపించింది. పిల్లలు యుద్ధానికి బయల్దేరే ఘట్టంలో తల్లి కుందేళ్ళు అన్నం ముద్దలు కట్టి ఇస్తాయి, రుమాళ్ళు ఊపుతాయి. కొడుకుల నోళ్ళు కదులుతాయి, కెప్టెన్ నోరు కదులుతుంది, చివరికి ఓడ మీది చిలుక నోరూ కదులుతుంది. తల్లుల నోరు మాత్రం కొసలు పైకి తిరిగిన ఒక్క గీత, అంతే. నోరు కదలాలంటే ఇంకో బొమ్మ గీయాలి. తల్లి కోసం ఆ ఒక్క బొమ్మ ఎవరూ గీయలేదు. ఆమె పొయ్యి కట్టేసి, ఇరవై ఏడింట్లోనూ తల్లులు కనబడే ఘట్టాలన్నీ మళ్ళీ చూసింది. ఒక్కదాంట్లో కూడా తల్లి నోరు తెరవలేదు.

సాయంత్రం ఖాదర్ బూట్లు విప్పకముందే చెప్పేసింది. ఆయన ఆవులించాడు. "ఇదంతా ఫెమినిజం షబ్నమ్, పేపర్‌కి పనికిరాదు. నువ్వు మాటలు రాయి చాలు, ఆలోచన నాకు ఇడ్సిపెట్టు."

మూడు వారాల తర్వాత తప్పులు దిద్దమని ఆ పేపర్ ఆమె చేతికే ఇచ్చాడు. ఆఖరి అధ్యాయమంతా తల్లి కుందేళ్ళే. 'నా సుదీర్ఘ పరిశీలనలో తేలిందేమిటంటే' అని మొదలవుతుంది. అట్టడుగున 'ఓర్పు వహించిన కుటుంబసభ్యులకు కృతజ్ఞతలు' అని ఒక ముక్క. ఓర్పట! ఇరవై ఏడు సినిమాల మాటలూ, వాటి వెనకున్న ఆలోచనా ఇచ్చిన మనిషి దగ్గర ఈయనకు కనిపించింది ఓర్పు ఒక్కటే.

"నా పేరు ఏదీ?" అని అడిగింది.

"ఏందిది, ఇంట్లో కూడా నీదీ నాదీ అంటావా?" అన్నాడు ఖాదర్, నిజంగానే నొచ్చుకున్నట్టు. మర్నాడు నంద్యాల నుంచి అత్త ఫోన్. "ఏం షబ్నమ్, పేరు గావాల్నని అడుగుతాండావంటనే. వానికి పేరొస్తే నీకొచ్చినట్టు కాదా? వాని ఉద్యోగం పోతే పేరు పెట్టుకుని ఏం చేస్కుంటావు?" షబ్నమ్ ఫోన్ పెట్టేసింది. ఉద్యోగం మాట నిజమే. పేపర్ పేజీ పేజీ దిద్ది ఇచ్చింది.

సెమినార్ ఆన్‌లైన్‌లో జరిగింది. ఖాదర్ పైన బ్లేజర్, కింద లుంగీతో హాల్లో కూర్చున్నాడు. కెమెరాకు కనబడకుండా కింద చాప మీద షబ్నమ్. ఎవరైనా ప్రశ్న వేస్తే ఆయన గొంతు సవరించుకుంటాడు, ఈమె అట్టముక్క మీద జవాబు రాసి ఎత్తి చూపిస్తుంది. పదకొండు ప్రశ్నలకు పదకొండు అట్టముక్కలు. చివర్లో జపాన్ నుంచి మోరీత అనే ప్రొఫెసరమ్మ అడిగింది, ఇంత చక్కని అనువాదం ఎవరిదని.

"మా టీమ్" అన్నాడు ఖాదర్, తల కూడా దించకుండా.

ఆవిడ ఆ ఫైలు పంపగలరా అంది. తప్పకుండా అన్నాడు. పొంగిపోయి అప్పటికప్పుడే పంపించాడు. పంపింది శుభ్రంగా టైపు చేసిన ప్రతి కాదు, షబ్నమ్ సొంతానికి రాసుకున్న చిత్తు ఫైలు. రెంటిలోనూ జపనీస్ మాటలున్నాయి, తేడా తెలియాలంటే ఆయనకు ఆ అక్షరాలు రావాలిగా.

శుక్రవారం నమాజు నుంచి వచ్చి లాప్‌టాప్ ఆమె ముందుకు తోశాడు. "మోరీత మేడమ్ రాసింది, అంతా జపనీసే. పొగిడిందా?"

షబ్నమ్ చదివింది. 'మీ టీమ్‌లో ఒకరు ప్రతి సన్నివేశం పక్కనా జపనీస్‌లో సొంత మాటలు రాసుకున్నారు. తల్లుల నోళ్ళు కదలవన్న చోట, "ఇవాళ మొగుడికి చెప్పాను, పనికిరాదన్నాడు" అని ఉంది. అక్కడ నవ్వాను, తర్వాత నవ్వలేకపోయాను. ఈ సినిమాలను భద్రపరిచిన మా సంస్థ కేటలాగులో ఆ వ్యక్తి పేరు వేయాలి. ఎవరు వారు?'

ఆమె రెండోసారి కూడా చదివింది. ఏడుపొస్తుందేమో అనుకుంది, రాలేదు. ఒంట్లోకి బలం వచ్చినట్టయింది.

"పొగిడింది" అంది.

"చెప్పలే! జవాబు రాసెయ్, నా పేరుతోనే. అంతా నేనే దగ్గరుండి చేయించినానని రాయి. డీన్‌కి చూపించాల."

ఆమె జపనీస్‌లోనే రాయసాగింది. ఉద్యోగం గుర్తొచ్చి వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. ఆ ఉద్యోగం నిలబెట్టుకోవాల్సింది అది చేసేవాడు గదా అనుకుని ముందుకు సాగింది. 'టీమ్ లేదు. ఇరవై ఏడు సినిమాలూ నేనే అనువదించాను. తల్లుల సంగతి కనుక్కున్నదీ నేనే. నా భర్త పేపర్‌లో ఆఖరి అధ్యాయం నాది. నా పేరు దూదేకుల షబ్నమ్. ఇకమీదట నాకే రాయండి.' కింద తన ఈమెయిల్ చిరునామా ఇచ్చింది. డీన్‌కి కూడా ఒక ప్రతి వెళ్ళేలా పెట్టి పంపేసింది, ఎవరితోనైనా చదివించుకుంటాడులే అని.

ఖాదర్ ఆమె కుర్చీ వెనక నిలబడి తెర మీదికి వంగాడు. అక్షరాలన్నీ చూశాడు, పైనుంచి కిందికి, కిందినుంచి పైకి.

"ఏం రాసినావు?"

షబ్నమ్ లేచి తన కుర్చీ ఆయనకు జరిపింది.

"మీ పరిశోధనే కదండీ" అంది. "చదువుకోండి."