ముందు నడిచే మనిషి

ఆ స్త్రీల బృందానికి ఉన్న కట్టుబాటు ఒక్కటే. అందరిలోకీ నెమ్మదిగా నడిచేవారు అందరికంటే ముందు నడవాలి. వేగం గలవారిని ముందు విడిచిపెడితే గుంపు తెగిపోతుందనీ, వెనకబడినవారు ఆయాసంతోపాటు సిగ్గును కూడా మోయవలసి వస్తుందనీ ఆ కట్టుబాటు పెట్టినావిడ నమ్మకం. ఆమె వృత్తి నగరంలో బస్సు నడపడం. అందుచేత అందరూ ఆమెను బస్సమ్మ అనేవారు. ప్రతి ఆదివారం ఉదయం ఏడు గంటలకు, బస్సులు వెనక్కి తిరిగే చివరి స్టాపు దగ్గర పదిమందిని పోగుచేసి, ఊరి వెలుపలి గుట్టల మీదికి నడిపించి, ఎండ ముదరకముందే క్షేమంగా అక్కడికే తెచ్చి దింపేది.

ఈ కట్టుబాటు సంగతి బృందంలో అందరికీ తెలుసు. కొత్తగా చేరిన ప్రధానోపాధ్యాయురాలికి మాత్రం తెలియదు.

ఆమె ముప్పయి మూడేళ్ళు బడిలో పనిచేసి, చివరి పదకొండేళ్ళు ఆ బడికే పెద్దగా ఉండి, నాలుగేళ్ళ క్రితం పదవీ విరమణ చేసింది. ఆనాటి నుంచి కిటికీ పక్క కుర్చీయే ఆమెకు లోకమయింది. వీధిలో పోయేవారి నడకలో తప్పులెంచడం తప్ప వేరే పని పెట్టుకోలేదు. ఆకలి తగ్గింది, నిద్ర పలచబడింది, మోకాళ్ళు బిగుసుకున్నాయి. ఇప్పుడు నడవకపోతే ఇక ఎప్పటికీ నడవలేరని వైద్యుడు తేల్చి చెప్పాడు. ఆ బృందంలోనే నడిచే కోడలు కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసేది. రోజుకు ముప్పయి మందిని అక్షరాల పలక ముందు కూర్చోబెట్టి, కనబడని అక్షరాన్ని కనబడేదాకా చదివించే మనిషి కనుక, అత్తగారిని ఒప్పించడానికి మూడు వారాలు పట్టినా ఆమె విసుగు చెందలేదు.

మొదటి ఆదివారం బస్సమ్మ కొత్త సభ్యురాలి నడకను ఇరవై అడుగుల మేర చూసి, చేతులు కట్టుకుని వినయంగా చెప్పింది.

"మేడమ్ గారూ, మీరు ముందు నడవండి. మేమంతా మీ వెనకే వస్తాం."

ప్రధానోపాధ్యాయురాలు ఆశ్చర్యపోలేదు. రావలసిన గౌరవం రావలసిన చోట వచ్చిందన్నట్టు తల పంకించి, కొంగు సర్దుకుని, ముందుకు వెళ్ళి నిలబడింది. అసలు విషయం తిరుగు ప్రయాణంలో చెప్పాలని కోడలు గొంతు సవరించుకుంది. అంతలో అత్తగారే మొదలుపెట్టింది.

"చూశావుటే? ఒక్క చూపులో నన్ను పోల్చుకుంది ఆవిడ! ఎవరికి నడవడం వచ్చో, ఎవరికి నడిపించడం వచ్చో తెలిసిన మనిషి. మీ దుకాణంలో లేని కళ్ళద్దాలు ఆవిడకున్నాయి."

కోడలు చెప్పదలచిన మాట మింగేసింది.

ఆరు వారాలు గడిచాయి. ప్రధానోపాధ్యాయురాలు కిటికీ పక్క కుర్చీని మరచిపోయింది. శనివారం సాయంత్రమే బూట్లు తుడుచుకుని గుమ్మం దగ్గర జంటగా పెట్టుకునేది. రాత్రి పడుకుంటే తెల్లవారేదాకా మెలకువ వచ్చేది కాదు. కొండ మొదట్లో నిలబడి ప్రతి వారం అయిదు నిమిషాలు ఉపన్యాసం కూడా ఇవ్వసాగింది.

"ఎవరూ తొందరపడకండమ్మా. నన్ను దాటిపోవాలని ఎవరూ చూడకండి. క్రమశిక్షణ ముఖ్యం."

"చిత్తం మేడమ్!" అని యాభయ్యేళ్ళు దాటిన స్త్రీలు బడిపిల్లల్లా ఒక్క గొంతుతో పలికేవారు. ఆమెను దాటిపోకుండా ఉండడానికి వాళ్ళు పడే శ్రమ ఆ భగవంతుడికే ఎరుక.

కోడలు ఒకనాడు బస్సమ్మను పక్కకు పిలిచి అడిగింది.

"అక్కా, నిజం చెప్పెయ్యనా? రోజురోజుకీ భయంగా ఉంది."

"చెప్పు. చెప్పి, ఆ కుర్చీ దులిపి మళ్ళీ కిటికీ పక్కన వేసిపెట్టు. వచ్చే వారం నుంచీ ఆవిడ అందులోనే ఉంటుంది."

"అలా అనకక్కా!"

"మరి నోరు మూసుకుని నడు."

కోడలు నోరు మూసుకుంది. అత్తగారు నోరు మూసుకోకపోవడం వల్లనే చిక్కు వచ్చిపడింది. ఆమెకు నాలుగేళ్ళు చిన్నదైన చెల్లెలు ఒకతె ఉంది. పెద్ద ఆసుపత్రిలో నర్సులందరికీ పెద్దగా ఉండి, ఆ ఏడే విరమించింది. అక్కాచెల్లెళ్ళకు ఒకరంటే ఒకరికి ప్రాణం. ఆ ప్రాణాన్ని వాదులాటతో తప్ప చూపించుకోవడం ఇద్దరికీ చేతకాదు.

"పదిమందిలో నన్నే ముందు నడిపిస్తున్నారే," అని అక్క ఫోనులో చెప్పింది.

"నిన్నా? చిన్నప్పుడు బడికి పోతుంటే నీ సంచీ కూడా నేనే మోసేదాన్ని."

"అందుకేగా నువ్వు వెనక నడిచింది!"

"సరే, వచ్చే ఆదివారం వస్తున్నాను. కళ్ళారా చూస్తేగాని నమ్మను."

"రావే తల్లీ. చూసి నేర్చుకుందువుగాని."

పక్కగదిలో బట్టలు మడతపెడుతున్న కోడలు చేతిలోని చీరను మడవడం ఆపేసింది. చెల్లెలి ముందు అత్తగారి పరువు పోతే, ఆమె మళ్ళీ గుమ్మం దాటదని ఆ పిల్లకు తెలుసు.

ఆదివారం వచ్చింది. చెల్లెలు బస్సు దిగిన తీరు చూడగానే బస్సమ్మ ముఖం మారింది. ఆమె రెండు చేతులా కడ్డీ పట్టుకుని, ప్రతి మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించి, నేల మీదికి వచ్చాక ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. ముప్పయి అయిదేళ్ళు ఆసుపత్రి గచ్చు మీద నిలబడిన కాళ్ళవి. చీలమండలు బూట్ల అంచు మీదుగా పొంగి ఉన్నాయి. గొంతులో మాత్రం అధికారం తగ్గలేదు.

"ఇదేనా కొండ? మా ఆసుపత్రి మేడ ఇంతకంటే ఎత్తు."

కోడలు వెనక నుంచి బస్సమ్మకు చేత్తో వద్దు వద్దని సైగ చేసింది. బస్సమ్మ ఆ సైగను చూసింది, చెల్లెలి కాళ్ళను మళ్ళీ చూసింది. పదిమంది ప్రాణాలను ఇరుకు మలుపులలో రోజూ తిప్పే మనిషి మొహమాటానికి పోయి దారి తప్పదు.

"చిన్నమ్మగారూ, ఈ రోజు మీరు ముందు నడవండి."

ప్రధానోపాధ్యాయురాలు ఉపన్యాసానికి తెరచిన నోరు అలాగే ఉండిపోయింది.

"అదేమిటమ్మా? ముందు నేను కదా?"

"ఈ ఒక్కరోజుకూ, మేడమ్ గారూ..."

చెల్లెలి ముఖం చేటంత అయింది. "మరేం, కొత్తగా వచ్చినదాన్ని, మర్యాద చేస్తున్నారు. లేక ఇక్కడి వాళ్ళకు మనుషుల్ని పోల్చుకోవడం వచ్చేమో! పక్కకు జరుగక్కా."

అక్క జరిగింది. అతిథి మర్యాద అన్న మాట పట్టుకుని, మనసును ఎలాగో సమాధానపరచుకుంది. గుంపు కదిలింది.

దారి మొదట పొదల మధ్యగా మెత్తగా సాగి, తరువాత రాళ్ళ మీదికి ఎక్కుతుంది. నూరు అడుగులు నడిచేసరికి ప్రధానోపాధ్యాయురాలు రెండుసార్లు చెల్లెలి మడమను తొక్కింది. ఆరు వారాలలో తన కాళ్ళు ఇంతగా సాగాయని ఆమెకు అంతవరకూ తెలియదు. చెల్లెలు పదేసి అడుగులకు ఒకసారి ఆగి, "నేను ఆగింది ఆయాసంతో కాదు, అటు చూడండి ఎంత బాగుందో" అని చెయ్యి చాపేది. ఆమె చూపిన వైపు కంప తప్ప మరేమీ ఉండేది కాదు.

వరుసలో మూడో మనిషి పళ్ళ డాక్టరమ్మ. మంచి మనసు, ఆగని నోరు. కట్టుబాటు అందరికీ తెలిసినదే కనుక ప్రధానోపాధ్యాయురాలికీ తెలిసే ఉంటుందని ఆమె అనుకుంది.

"మేడమ్ గారూ, మొత్తానికి మీకు ప్రమోషన్ వచ్చింది!" అని వెనక నుంచి సంబరంగా అన్నది.

"ప్రమోషనా? ముందున్నదాన్ని వెనక్కి వస్తే ప్రమోషన్ ఎలా అవుతుందమ్మా?"

"అదే కదండీ! అందరికంటే మెల్లగా నడిచేవాళ్ళే కదా మన దగ్గర ముందుండేది. ఇన్నాళ్ళూ మీరు. ఇప్పుడు రెండో స్థానం. ఇలాగే నడిచారంటే సంక్రాంతి వచ్చేలోగా నన్ను కూడా దాటేస్తారు!"

ప్రధానోపాధ్యాయురాలు కాలు తీసి కాలు వేయలేకపోయింది. వెనకవారు ఒకరి వెనక ఒకరు ఆగిపోయారు. చిత్తం మేడమ్ అన్న గొంతులన్నీ ఒక్కసారి చెవిలో మారుమోగాయి. అహంకారం విడవమని ఆమె ఎందరికో బోధించింది. ఆ బోధ ఇలా కాలికి ముల్లయి గుచ్చుకునేదాకా, దాని పదును ఎంతో ఆమెకే తెలియదు.

కోడలు వరుస విడిచి పక్కకు వచ్చింది. అత్తగారు తల తిప్పకుండానే అడిగింది.

"నీకు తెలుసా?"

"తెలుసత్తయ్యా."

"మొదటి రోజు నుంచీ?"

"మొదటి రోజు నుంచీ."

"ఆరు వారాలు నాచేత ఉపన్యాసాలు చెప్పించారు. మీరంతా ఇంటికి పోయి నవ్వుకున్నారన్నమాట."

"ఒట్టత్తయ్యా, ఎవరూ నవ్వలేదు. చెబుదామనే అనుకున్నాను. ఆ రోజు ఇంటికొచ్చి రెండోసారి వడ్డించుకున్నారు మీరు. నాలుగేళ్ళలో మొదటిసారి. ఇక నాకు నోరు రాలేదు."

అత్తగారు బదులు చెప్పేలోగా ముందు నుంచి కేక వినిపించింది.

"అక్కా! అప్పుడే ఆగిపోయావా? కాస్త అడుగులు వెయ్యవే! పంతులమ్మలు కూర్చుని కూర్చుని ఇంతే!"

ఆ క్షణాన ఒక్క మాట చాలు. నువ్వు ముందున్నది గొప్పదానివని కాదే, అందరికంటే చేతకానిదానివని. ఆ మాట ప్రధానోపాధ్యాయురాలి నాలుక చివరిదాకా వచ్చింది. అరవయ్యేళ్ళ వాదులాటకు అంతకంటే పెద్ద గెలుపు మళ్ళీ దొరకదు.

ఆమె తలెత్తి చెల్లెలిని చూసింది. ముందు రాతి మీద నిలబడి ఉంది. చెమటకు జుట్టు నుదుటికి అంటుకుంది. ఒక చెయ్యి నడుము మీద ఆనించి, ఆ ఆనించడం నొప్పికి కాదు, దర్జాకు అన్నట్టు నిలబడింది. మెడ మాత్రం నిటారుగా ఉంది. అలాంటి మెడలను ప్రధానోపాధ్యాయురాలు ఎన్నో చూసింది. పిల్లలను వరుస కట్టించి తోటకో, గ్రంథాలయానికో తీసుకుపోయేటప్పుడు, అడుగు సాగని పిల్లను ఏరి పిలిచి, "ఈ రోజు నువ్వే నాయకురాలివి, ముందు నిలబడు" అని చెప్పినది తానే. ముప్పయి మూడేళ్ళలో ఎందరికి చెప్పిందో లెక్క లేదు. అసలు కారణం ఒక్క పిల్లకూ చెప్పలేదు. ఆ బుల్లి మెడలు నిటారుగా లేస్తుంటే చూసి మురిసిపోయింది. దాన్ని దయ అనుకున్నదే తప్ప, మోసమని ఏనాడూ అనుకోలేదు. తన వంతు వచ్చేసరికి ఆ దయే మోసంగా తోచింది!

ఆమెకు ఉన్నట్టుండి నవ్వు వచ్చింది. దాన్ని దగ్గులోకి మళ్ళించింది.

"నీ వేగం అందుకోవడం నా వల్ల కావడం లేదే," అని గట్టిగా చెప్పింది. "కాస్త మెల్లగా నడు."

"అలా దారికి రా! నన్ను చూసి నడువు. ఊపిరి ముక్కుతో పీల్చు."

"చిత్తం మేడమ్," అన్నది అక్క.

పళ్ళ డాక్టరమ్మ మంచినీళ్ళు మింగబోయి పొలమారి, కోడలి చేత వీపు మీద నాలుగు దెబ్బలు వేయించుకుంది. వరుస చివరి నుంచి ఏమయిందో చూద్దామని వచ్చిన బస్సమ్మ, ప్రధానోపాధ్యాయురాలి ముఖంలోకి ఒకసారి చూసి, తన చోటికి వెళ్ళిపోయింది.

అలవాటైన సమయానికి గంట ఆలస్యంగా గుట్ట పైకి చేరారు. నారింజపళ్ళు ఒలుచుకుంటూ అందరూ బండ మీద కూర్చున్నారు. కింద నగరం ఎండలో మెరుస్తోంది; చివరి స్టాపులో బస్సులు అగ్గిపెట్టెల్లా ఉన్నాయి. చెల్లెలు బూట్లు విప్పి, పాదాలు గాలికి పెట్టి, అందరికీ నీళ్ళెప్పుడు తాగాలో, ఎలా కూర్చోవాలో వివరించింది.

"వచ్చే ఆదివారం కూడా వస్తాను. నేను లేకపోతే మీ గుంపుకు దారి చూపేవాళ్ళు ఎవరు?"

"తప్పకుండా రావాలి," అన్నది అక్క. ఆ మాటలో వెక్కిరింత లేదు. కోడలు తొనలు వేరు చేస్తూ అత్తగారి వంక చూసింది. అత్తగారు చెయ్యి చాపి రెండు తొనలు అందుకుంది.

దిగే సమయమయింది. ఎక్కేటప్పుడు ఆయాసం పరీక్షిస్తుంది, దిగేటప్పుడు మోకాళ్ళు పరీక్షిస్తాయి. బస్సు ఎత్తు మెట్ల మీద తడబడినా, చెల్లెలు బండ మీది నుంచి గులకరాళ్ళ దారిలోకి ఆశ్చర్యకరంగా చురుకుగా దిగింది. రోజుకు నలభైసార్లు ఆసుపత్రి మెట్లు దిగిన అలవాటు ఆ కాళ్ళకింకా పోలేదు. బస్సమ్మ అందరినీ నిలబెట్టి ఎవరిని ముందు పిలవాలా అని తటపటాయించింది. ఆమె తటపటాయించడం ఆ బృందం అదే మొదటిసారి చూసింది.

ప్రధానోపాధ్యాయురాలు ఎవరూ పిలవకుండానే అందరినీ దాటి ముందుకు వచ్చింది.

"దిగేటప్పుడు నా మోకాళ్ళు మొండికేస్తాయి. అందరికంటే మెల్లగా దిగేది నేనే. కాబట్టి ముందు నేను."

కోడలి కళ్ళు చెమర్చాయి. చెల్లెలు మాత్రం మూతి ముడిచింది.

"మళ్ళీ నువ్వేనా ముందు? మోకాళ్ళ నొప్పి అని వంక ఒకటి! పెద్దదానివని పెత్తనం పోనిచ్చుకోవు కదా!"

"ఎక్కేటప్పుడు నీ పెత్తనం నడిచింది కదే. ఇక నా వెనక నడు. నన్ను తొయ్యకు."

"నా వేగానికి నువ్వు అడ్డం."

"అడ్డమే. ఆగు."

ఆమె కోడలి భుజం మీద చెయ్యి వేసి, మొదటి రాయి మీద కాలు మోపింది. మోకాలు కలుక్కుమంది. గుంపంతా ఆమె రెండో అడుగు పడేదాకా ఆగి, పడ్డాక కదిలింది.