లెస్టర్ పడ్డ ముక్క

లాస్ ఏంజెలెస్ ఎండలో, అట్టలతో కట్టిన ధనవంతుడి మేడ మీద నుంచి బిచ్చగాడి వేషంలో లెస్టర్ దూకాడు. కింద పరుపు లేదు. కెమెరాకు అడ్డొస్తోందని దర్శకుడే దాన్ని పక్కకు లాగించాడు. వెన్ను విరిగి లెస్టర్ చేతులు కొట్టుకుంటుంటే, "ఆపొద్దు! కెమెరా తిప్పు, తిప్పు!" అని దర్శకుడు కేకలేశాడు.

వేషాలు కుట్టే టెక్లా అంతా చూసింది. మూడోరోజు లెస్టర్ పోయాడు. ఆ పడ్డ ముక్క చూస్తే మహా నవ్వొస్తోందనీ, బొమ్మలో ఉంచేస్తున్నామనీ స్టూడియో యజమాని కబురు పంపాడు.

మధ్యాహ్నం అందరూ కుట్టుగదిలో చేరారు.

"మన బొమ్మల్లో తన్నులు తినేది డబ్బున్నోళ్లే కదా! యజమాని మనవైపు మనిషే," అన్నాడు ఎప్పుడూ కోటీశ్వరుడి వేషం కట్టే హోమర్.

"నీ మొహాన కొట్టేది కేకు గనక అలా అంటున్నావు. లెస్టర్‌కి తగిలింది నేల," అంది టెక్లా. "ఆ ముక్క కోసెయ్యాలి. పరుపు లేందే ఎవరూ దూకకూడదు. ఒప్పుకునేదాకా నేను సూది పట్టను."

"పనిలోంచి తీసేస్తే?" అన్నాడు హోమర్.

"మన నలభైమందినీ తీసేసి ఎవణ్ణి దొర్లిస్తాడు? తనే దొర్లుతాడా?"

వేషాలతోనే గేటు ముందుకు వెళ్లారు. హోమర్ అందరికన్నా వెనకాల వచ్చాడు.

యజమాని పిలిపించిన పోలీసులు దిగీదిగగానే లాఠీలు ఎత్తారు. వేషాల్లో ఉన్నవాళ్లు వీధిలోని ట్రామ్ పట్టాల మీదికి పరిగెత్తారు. ట్రామ్ ఆగింది. కిటికీల్లోంచి నవ్వులు!

"భలే తీస్తున్నారే! ఆ టోపీవాడికి ఇంకొకటి వెయ్యి!"

టోపీవాడు హోమరే. తల పగిలింది.

"ఇది బొమ్మ కాదమ్మా! నిజం రక్తం!" టెక్లా హోమర్ తల పట్టుకుని తడిసిన చేతులు చూపించింది. ఇంకా నవ్వారు. ఆమెకి అప్పుడు తట్టింది. ఈ దెబ్బలకి నవ్వడం వాళ్లకి నేర్పింది తామే.

"పరిగెత్తకండి! పరిగెడితేనే నవ్వుతారు. కూర్చోండి!" అని అరిచి హోమర్ నడివీధిలో చతికిలబడ్డాడు. ఒక్కొక్కరే కూర్చున్నారు. కూర్చున్నవాళ్ల వీపుల మీద లాఠీలు పడుతుంటే ట్రామ్‌లో నవ్వు ఆగిపోయింది.

డ్రైవర్ దిగాడు. "ఏం జరిగిందక్కా?"

టెక్లా లెస్టర్ సంగతి చెప్పింది. అంతలో పోలీసులు ఆమెనీ, హోమర్‌నీ ఈడ్చి బండిలో పడేశారు.

డ్రైవర్ మళ్లీ ట్రామ్ ఎక్కి, దాన్ని నడిపే పిడి ఊడదీసి జేబులో వేసుకున్నాడు. పోలీసు బండి వెళ్లే దారికి అడ్డంగా ట్రామ్ అలాగే నిలిచిపోయింది.

"అడ్డం తియ్యరా!" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ముందు వాళ్లని దించండి."

ప్రయాణికులు దిగారు. ఇందాక గట్టిగా నవ్విన పెద్దావిడ ముక్కు చీదుకుంటూ వచ్చి పోలీసు బండి చక్రం ముందు కూర్చుంది. ఆమె పక్కన ఇంకొకరు. వాళ్ల వెనక ఇంకా జనం.